పట్టణములో స్థలము, ఇల్లు కొనువారు చేయదగిన నేల పరీక్ష
(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను గురించి)

పొలము కొనవలసి వచ్చినప్పుడు రైతు ఏమి చేయునో అందరికిని తెలిసినదే. ఒకసారి నడి ఎండలోను, ఒకసారి వాన వెలిసిన మరునాడును పోయి చూచును. పిడికెడు మట్టి తీసి నలిపి చూచును. ఎగువ గట్టు ఎవరిది, నీరు ఎటు నుండి దిగి ఎటు పోవును, మే నెలలో బావి ఎంత లోతుకు పోవును అని నలుగురిని అడుగును. అమ్మజూపువాని మాటకంటె పక్క చేనివాని మాటకు ఎక్కువ విలువ నిచ్చును. అటువంటి రైతే ఎకరము అమ్మి, ఆ సొమ్ముతో హైదరాబాదులో 200 గజముల స్థలమో, ఒక పాత ఇల్లో కొనబోవునప్పుడు మాత్రము ఈ తెలివినంతను ఊరిలోనే విడిచి వచ్చుచున్నాడు. ఆదివారము నాడు బ్రోకరు కారులో పోయి, అరగంట చూచి, సాయంత్రమునకు బయానా ఇచ్చి బస్సెక్కుచున్నాడు.

వ్యవసాయ శాఖ వారికి ఇంటి స్థలములతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. విత్తనముల కొరకును, భూసార పరీక్షల కొరకును మా వద్దకు వచ్చు రైతులే ఇప్పుడు ఈ ప్రశ్నలను కూడ తెచ్చుచున్నారు. నేల అనునది పొలములో నున్నను, పట్టణములో నున్నను నేలయే గనుక మాకు తెలిసినంత చెప్పుట తప్పు కాదు.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల వారికి నగరము అనగానే ఎదురగునది తూర్పు దిక్కే. విజయవాడ రోడ్డు మీద వచ్చువారికిని, సాగర్ రోడ్డు మీద వచ్చువారికిని ఎల్.బి.నగర్ గడప వంటిది. బత్తాయి, మామిడి పండించినవారికి కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు, 2022లో అది బాటసింగారమునకు తరలువరకును, ఇంటి ముంగిలి వలె తెలిసిన చోటు. పిల్లలను కోచింగులకు పంపునది దిల్‌సుఖ్‌నగర్‌కే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడుచుట మొదలైన పిమ్మట ఇక్కడి ఇండ్లకు అద్దెల గిరాకియు బాగుగ నున్నది. కావున కొనవద్దని ఎవరును చెప్పరు. చూచి కొనుడని మాత్రమే చెప్పుచున్నాము.

నీటి త్రోవ

అన్నిటికంటె ముందు చూడవలసినది గోడలను కాదు, నీటిని. ఇప్పుడు సిమెంటు రోడ్లు, దుకాణములు నిండియున్న ఈ ప్రాంతమంతయు ఒకప్పుడు సాగు భూములు, చెరువులు, కుంటలు. దిల్‌సుఖ్‌నగర్ అను పేరు కూడ ఇక్కడ భూములుండిన దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరున వచ్చినదే. సరూర్‌నగర్ చెరువు 1626లో కుతుబ్‌షాహీల కాలమున కట్టినదని చెప్పుదురు. మన ఊళ్ళలో వలెనే ఇక్కడివియు గొలుసుకట్టు చెరువులు. మీర్‌పేట వైపు చెరువులు నిండి మత్తడి దుంకిన నీరు సరూర్‌నగర్ చెరువులోనికి దిగును. అది నిండిన, నీరు కోదండరాం నగర్ వంటి దిగువ కాలనీల మీదుగా మూసీ వైపు పోవును. చెరువు క్రింది ఆయకట్టులో వరి పోయి ఇండ్లు వచ్చినవి గాని, నీరు తన త్రోవను మరువలేదు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వాన దీనిని అందరికిని చూపినది. ఆ ఒక్క దినమున బేగంపేటలో 19 సెంటీమీటర్లు, నగరపు తూర్పు అంచున ఘట్‌కేసర్ వద్ద 32 సెంటీమీటర్లు పడినది. సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాం నగర్, పి అండ్ టి కాలనీలలో ఇండ్లలోనికి నీరు చేరినది. బి.యన్.రెడ్డి నగర్ వైపు కప్రాయి చెరువు ప్రక్కన నున్న హరిహరపురం కాలనీలో వాన వెలిసిన తరువాత కూడ చాల దినములు నీరు తీయలేదు. ఇది నూరేండ్లకు ఒకసారి వచ్చు వాన, మరల రాదు అని చెప్పు బ్రోకర్లు గలరు. 2000 ఆగస్టు 24న అదే బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడినది. రెండు వానలకు నడుమ ఇరువది యేండ్లే. మీరు కొను ఇల్లు అంతకంటె ఎక్కువ కాలము నిలువవలెను గదా!

2021 తరువాత ఈ వైపు నాలాలను వెడల్పు చేసి, పెట్టె కాలువలు కట్టు పనులు జరిగినవి. అందువలన కొన్ని వీధులలో బాధ తగ్గినమాట నిజమే. ఏ వీధిలో తగ్గినది, ఏ వీధిలో తగ్గలేదు అనునది కాగితములో కనబడదు. వాన పడుచున్నప్పుడు పోయి చూచినవానికే తెలియును.

నీటి త్రోవను కనుగొను పద్ధతి ఇది. మీరు కొనదలచిన స్థలము వద్ద నిలిచి, ఎగువకు అరమైలు, దిగువకు అరమైలు నడువుడు. కారు ఎక్కవద్దు, కారులో పల్లము తెలియదు. ఎగువన చెరువు గాని, కుంట గాని ఉన్నదా? ఉన్నచో దాని మత్తడి ఏ వైపున నున్నది? మత్తడి నుండి బయలుదేరిన కాలువ ఎక్కడి వరకు కనబడి, ఎక్కడ మాయమైనది? కాలువ ఊరక మాయము కాదు. దాని మీద ఎవరో ఇల్లు కట్టియుందురు, లేక పైన పలకలు వేసి యుందురు. ఆ తరువాత సర్వే శాఖ నుండి గ్రామ నక్ష తీసికొని, దానిలో కాలువ గీతను, చెరువు గీతను మీరు నడిచిన త్రోవతో సరిచూచుకొనుడు. పాత పహాణీలలో, ముఖ్యముగా 1954-55 నాటి ఖాస్రా పహాణీలో, ఆ సర్వే నంబరు శిఖము అని యున్నచో అది చెరువు గర్భము. ఇక ధర ఎంత చౌకగా నున్నను ముందుకు పోవద్దు.

చెరువులో కాకపోయినను చెరువు ప్రక్కన ఎంత దూరము విడువవలెను అనుదానికి 2012 నాటి 168వ నంబరు జీ.ఓ.లో లెక్క గలదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు హద్దు నుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు విడువవలెను. నాలా వెడల్పు 10 మీటర్లకు మించినచో 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత చెరువులలో కట్టిన ఇండ్లను కూల్చుట మీరు పత్రికలలో చూచియే యుందురు. కూలిన ఇండ్లకు సొంతదారులలో రిజిస్ట్రేషను కాగితము చేతిలో నున్నవారు కూడ కలరు.

మట్టి

ఈ విషయము మా వృత్తికి చేరినది గనుక కొంచెము విపులముగా చెప్పెదను.

హైదరాబాదు నేల అడుగున ఉన్నది నల్లరాయి. దానిపై మొరము, మొరముపై ఎర్ర చల్క. ఇట్టి నేల ఇంటికి మేలైనది. రెండు మూడు అడుగులు త్రవ్వగానే గడ్డపార ఖంగుమని మ్రోగును. కాని పల్లపు చోట్లలోను, పాత కుంటలలోను నల్లని జిగట మట్టి మేట వేసి యుండును. చెరువు మట్టి పొలమునకు బంగారము. 2015 నుండి మిషన్ కాకతీయలో బండ్లకు, ట్రాక్టర్లకు ఎత్తి పొలములకు తోలుకొన్న మట్టి అదియే. అదే మట్టి పునాది క్రింద నుండిన, అంతకంటె చెడ్డది లేదు. వానకు ఉబ్బును, ఎండకు కుంగును. పత్తి చేనిలో మే నెలలో నెర్రెలు ఎంత వెడల్పు వచ్చునో మీకు తెలియును. ఇంటి క్రింద నెర్రె వచ్చిన, గోడకును నెర్రె వచ్చును. నల్లరేగడి సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకు ఇట్లు ఉబ్బి కుంగుచుండును. అట్టి నేలలో కట్టుటకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాలయము వారు అడుగున ఉబ్బెత్తుగా నుండు పైల్ పునాదులను ఏనాడో రూపొందించినారు. కాని అందుకు ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చును స్థలము ధరలో నుండి తగ్గించుకొని బేరమాడవలెను.

వీటికంటె మోసకరమైనది పోసిన మట్టి. కుంటను ఇటుక ముక్కలతోను, కూల్చిన ఇండ్ల చెత్తతోను నింపి, పైన ఒక అడుగు మంచి మొరము పరచిన, చూచుటకు దుక్కి దున్నిన చేను వలె సమముగా నుండును. దీనిని పట్టుటకు రెండు చోట్ల మూడు నాలుగు అడుగుల గొయ్యి త్రవ్వించిన చాలును. ఇద్దరు కూలీలు, ఒక పూట పని. గొయ్యి ప్రక్క గోడలో ప్లాస్టికు సంచులు, పింగాణి పెంకులు, బూడిద రంగు పొరలు కనబడినచో అది సహజ నేల కాదు. గొయ్యి త్రవ్వుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో, కారణము అడుగ నక్కరలేదు.

గోతి అడుగు మట్టిని రెండు గుప్పెళ్ళు తెచ్చి ఇంటి వద్ద ఈ పరీక్ష చేయుడు. ఎండబెట్టి, గడ్డలు నలిపి, జల్లించి, తెల్లని సీసాలో మూడవ వంతు పోయుడు. నిండ నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి, అయిదు నిమిషములు బాగుగ కుదుపుడు. సీసాను కదల్పక ఒకచోట పెట్టుడు. ఒకటి రెండు నిమిషములలో అడుగున చేరునది ఇసుక. రెండు గంటలలో దానిపై చేరునది ఒండు. మరునాటికి గాని దిగనిది బంకమన్ను. ఈ చివరి పొర మొత్తములో మూడవ వంతుకు మించినచో జాగ్రత్త పడవలెను. ఇంకొక సులువైన గుర్తు: తడిపిన మట్టిని వ్రేలి లావున పేని, ఉంగరముగా చుట్టుడు. పగుళ్ళు రాక ఉంగరము నిలిచినచో అది బంకనేల. మూడు అంతస్తులు, నాలుగు అంతస్తులు కట్టదలచినవారు మాత్రము వీటితో తృప్తి పడక, నేల ఎంత బరువు మోయగలదో ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను.

మొక్కలు కూడ సాక్ష్యము చెప్పును. ఖాళీ స్థలములో జమ్ము గాని, దట్టముగా తుంగ గాని పెరిగియున్నచో అక్కడ నీరు నిలుచునని అర్థము. స్థలమును శుభ్రము చేసి చూపుదురు గనుక, ప్రక్క ఖాళీ స్థలములో చూడుడు. నేలపై తెల్లని పొర పేరుకొన్నచో చౌడు. ఇటుకకు, ఇనుపకడ్డీకి కూడ అది మేలు చేయదు. సర్కారు తుమ్మను చూచి మాత్రము ఏమియు తేల్చుకొనకుడు. అది ఎక్కడనైనను బ్రతుకును.

కట్టిన ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట ప్రాంతములలో ఇప్పుడు ఖాళీ స్థలములు అరుదు. ఎక్కువగా అమ్మకమునకు వచ్చునవి ఇరువది, ముప్పది ఏండ్ల నాటి ఇండ్లు, ఫ్లాట్లు. వీటిలో మొదట గమనింపవలసినది రోడ్డు. పాత రోడ్డును త్రవ్వి తీయక, దాని మీదనే మరల మరల వేయుట వలన చాల వీధులలో రోడ్డు ఎత్తు పెరిగి, ఇండ్లు పల్లములో పడినవి. గేటు నుండి వాకిలికి మెట్లు ఎక్కుచున్నామా, దిగుచున్నామా చూడుడు. దిగుచున్నచో వాన నీరు కూడ మీతోపాటు దిగును. పార్కింగు రోడ్డుకంటె క్రిందనున్న ఫ్లాట్లకు ఇదే బాధ.

కొత్తగా రంగు వేసిన ఇంటిని రంగు వేయని ఇంటికంటె ఎక్కువ శ్రద్ధగా చూడవలెను. నల్లగొండ జిల్లా రైతు ఒకరు కొడుకు చదువు కొరకు ఈ వైపు ఒక ఇల్లు చూచుటకు భార్యతో పోయెను. అద్దెలు వచ్చును, పిల్లవాడును ఉండును అని వారి ఆలోచన. ఇల్లు అద్దము వలె నున్నది. ఆయనకు నచ్చినది. ఆమె మాత్రము వంటింటిలో ఒక్క క్షణము నిలిచి, కరెంటు ప్లగ్గులన్నియు తన భుజముల ఎత్తున ఉండుట చూచినది. పాత ప్లగ్గుల గుంతలు నడుము క్రింద సిమెంటుతో పూడ్చియున్నవి. "గింత పైకి ఎందుకు పెట్టిన్రు?" అని బ్రోకరును అడిగిన, పిల్లలు ముట్టకుండ అని చెప్పినాడట. ఆమె వెలుపలికి వచ్చి, ఎదురింటి అరుగు మీద కూరుచున్న ముసలమ్మను "ఈడ నీళ్ళొస్తయా అవ్వా?" అని అడిగినది. "రాకేం బిడ్డా! ఆ యేడు మంచాలు తేలినయి. మేం మూడొద్దులు డాబా మీదనే ఉన్నం" అని ఆమె చెప్పినది. వారు బయానా ఇయ్యక తిరిగి వచ్చినారు. ఒక ఎకరము విలువ ఆ రెండు మాటలతో మిగిలినది. ఇంటి తనిఖీ అనునది ఇంతకంటె గొప్ప విద్య ఏమియు కాదు.

గోడల చెమ్మ ఎక్కడ నున్నదో దానిని బట్టి కారణము తెలియును. నేల నుండి మోకాలి ఎత్తు వరకు ఉప్పు ఉబ్బి గిలాబు రాలుచున్నచో నేల చెమ్మ. కప్పు మూలలో మచ్చ ఉన్నచో స్లాబు కారుట. స్నానాల గది వెనుక గోడకు ఉన్నచో పైపు. మొదటిదానికి వైద్యము కష్టము. తక్కిన రెండింటికి ఖర్చు పెట్టిన కుదురును.

పగుళ్ళన్నియు ఒకటి కావు. సాలెగూడు వలె సన్నని గీతలు గిలాబువే, భయము లేదు. కిటికీ మూల నుండి ఏటవాలుగా బయలుదేరి, ఒక కొస వెడల్పుగా, గోడకు రెండవ వైపున కూడ కనబడు పగులు పునాది కుంగుటకు గుర్తు. పిల్లరు నిలువునా పగిలి తుప్పు మరక కారుచున్నచో లోపలి కడ్డీ ఉబ్బి కాంక్రీటును చీల్చుచున్నదని అర్థము. స్లాబు అడుగున నాణెముతో కొట్టి చూచినచో డొల్ల చప్పుడు వచ్చు చోట పెచ్చు ఊడుటకు సిద్ధముగా నున్నది. అనుమానము కలిగినచో సివిల్ ఇంజనీరును పిలువవలెను. ఆయన సుత్తి వంటి పరికరముతో కాంక్రీటు గట్టిదనమును, మీటరుతో చెమ్మను చూచి వ్రాసి ఇచ్చును. ఇంజనీరును మీరే వెదకుకొనవలెను. బ్రోకరు తెచ్చిన ఇంజనీరు బ్రోకరు మనిషియే.

క్రింది అంతస్తు మరుగుదొడ్డి సంగతి అడుగుటకు సిగ్గుపడవద్దు. పెద్ద వానలో మురుగు కాలువ నిండి నీరు వెనుకకు తన్ను ఇండ్లు ఈ పల్లపు కాలనీలలో కలవు. ఇక త్రాగునీరు. నాగార్జునసాగర్ నుండి కృష్ణా నీరు 2004 నుండి సాహెబ్‌నగర్ మీదుగానే నగరమునకు వచ్చుచున్నను, ఏ ఇంటికి ఎన్ని దినములకు ఒకసారి, ఎంతసేపు వచ్చునో ఆ వీధివారిని అడిగి తెలిసికొనవలెను. ఏప్రిల్, మే నెలల ట్యాంకరు రసీదులు చూపుమని అపార్టుమెంటు సంఘము వారిని కోరుడు. బోరు ఉన్నది అనుట వేరు, బోరులో నీరున్నది అనుట వేరు.

కాగితములు, కొలత

ఇది వకీలు పని గనుక క్లుప్తముగా చెప్పెదను. ఎల్.బి.నగర్ చుట్టుప్రక్కల కొన్ని కాలనీలు 22-ఎ నిషేధిత జాబితాలో చేరి, ఏండ్ల తరబడి రిజిస్ట్రేషనులు ఆగినవి. 2022లో 118వ నంబరు జీ.ఓ. ద్వారా గజమునకు 250 రూపాయల చొప్పున కట్టించుకొని అట్టివాటిని క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము వీలు కల్పించినది. మీరు కొను ఇల్లు ఆ జాబితాలోనిదైనచో, క్రమబద్ధము చేసిన పత్రము ఆ నంబరు ఇంటికే ఉన్నదా చూడవలెను. కాలనీకి వచ్చినది అను మాట చాలదు. జి.పి.ఎ. మీద, నోటరీ కాగితము మీద అమ్ముదునని చెప్పిన ఒప్పుకొనకుడు. జి.పి.ఎ. వలన హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పినది.

టేపుతో నాలుగు వైపులు మీరే కొలువుడు. గుంట అనగా 121 గజములు. దస్తావేజులో 200 గజములని యుండి నేల మీద 185 గజములు ఉండుట క్రొత్త కాదు. నాలుగు హద్దులలోని ఇండ్లవారిని పిలిచి, ఇది ఎవరి స్థలమని అడుగుడు. ఒకే స్థలమును ఇద్దరికి అమ్మిన సంగతి సాధారణముగా ప్రక్కింటివానికే ముందుగా తెలియును.

తనిఖీ, లాభనష్టములు

ఈ తిరుగుడు అంతయు వృథా ప్రయాస యని తలచువారు ఈ లెక్కను చూడవలెను. 90 లక్షలు పెట్టి ఒక ఇల్లు కొని, నెలకు 25 వేలకు అద్దెకు ఇచ్చినారనుకొందము. ఏడాదికి 3 లక్షలు. పెట్టుబడి మీద నూటికి మూడు రూపాయల ముప్పది మూడు పైసలు. ఆ ఇంటిలో వానకు నీరు చేరునని తెలిసి కిరాయిదారు ఖాళీ చేసి, రెండు నెలలు ఇల్లు ఊరకనే ఉండి, గోడలకు, మోటారుకు 40 వేలు ఖర్చైనచో మిగులునది 2 లక్షల 10 వేలు. నూటికి రెండు రూపాయల ముప్పది మూడు పైసలు. పదింట మూడు వంతుల ఆదాయము ఒక్క వానతో పోయినది. మరల అమ్మునప్పుడు తగ్గు ధర ఇందులో చేరలేదు. గోతులు త్రవ్వు కూలి, ఇంజనీరు ఫీజు, నాలుగు మార్లు తిరిగిన బస్సు చార్జీలు వీటన్నిటిని కలిపినను ఆ 90 లక్షలలో ఎంత?

దోషము కనబడిన ప్రతి ఇంటిని విడువ నక్కరలేదు. స్లాబు కారుచున్నచో బాగుచేయుటకు అగు ఖర్చును ఇంజనీరుచే వ్రాయించి, ఆ మేరకు ధర తగ్గించుమని అడుగవచ్చును. నీటి త్రోవలో నున్న ఇంటికి మాత్రము ఎంత తగ్గించినను అది సరియైన ధర కాదని మా అభిప్రాయము. పైకి ఎత్తుట, ఇల్లు జరుపుట వంటి పనులు చేయించి బాగుపడినవారికంటె అప్పులపాలైనవారే ఎక్కువ.

క్రొత్త ఫ్లాటు కొనువారికి 2016 నాటి రెరా చట్టములో ఒక రక్షణ గలదు. స్వాధీనము చేసిన తేదీ నుండి 5 సంవత్సరములలో నిర్మాణ లోపము బయటపడి తెలిపినచో, బిల్డరు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. అయితే స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 600 గజములకు మించనివియు, ఫ్లాట్లు ఎనిమిదికి మించనివియు రెరాలో రిజిస్టరు చేయ నక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టు పాత ఇల్లు కూల్చి 300, 400 గజములలో లేపు అపార్టుమెంట్లు చాల వరకు ఈ లెక్కలోనివే. అక్కడ కొనువానికి తన కన్నులే దిక్కు.

ఇల్లు నచ్చి బయానా ఇచ్చుటకు నిశ్చయించుకొన్నచో చిన్న మొత్తము ఇచ్చి, అగ్రిమెంటులో ఈ షరతు వ్రాయించుకొనుడు: ముప్పది దినములలోపు నేల, కట్టడము, హద్దులు పరీక్ష చేయించుకొనుటకు కొనువానికి హక్కు గలదు, దోషము బయటపడినచో బయానా పూర్తిగా తిరిగి ఇయ్యవలెను. ఆ ముప్పది దినములు జూన్ నుండి అక్టోబరు లోపల పడునట్లు చూచుకొనుట మేలు. పెద్ద వాన కురిసిన నాటి రాత్రి, లేదా మరునాటి తెల్లవారుజామున, బ్రోకరుకు చెప్పక, గొడుగు పట్టుకొని ఒక్కరే పోయి ఆ వీధి మొగలో నిలువుడు.